తెల్లవారుజాము వంతు

పర్లాకిమిడి

చిరంజీవులైన పిల్లలకు మీ తాతయ్య ఆశీస్సులు.

వేసవి సెలవులకు వచ్చినప్పుడు మీరు నన్నొక ప్రశ్న అడిగారు. ఎన్నికల నెలలో ముఖాలు తిప్పుకుని వెళ్లిన మన వీధివారే భజన మందిరంలో పక్కపక్కన కూర్చుని ఎలా పాడగలుగుతున్నారని మీ సందేహం. అప్పుడు తొందరలో ఏదో చెప్పి తప్పించుకున్నాను గాని, అది నిదానంగా జవాబు చెప్పవలసిన ప్రశ్న.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మన ఊరు ఇటు కలిసింది, కూతవేటు దూరంలోని పాతపట్నం అటు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండిపోయింది. పుట్టిల్లు ఒక రాష్ట్రంలోనూ మెట్టినిల్లు మరొక రాష్ట్రంలోనూ ఉన్న ఇల్లాళ్లు మన వీధిలోనే ఎందరో ఉన్నారు. భాష గురించి, వంశధార నీళ్ల గురించి వాదులాట మొదలైతే ఇప్పటికీ ఇక్కడ గొంతులు పెరుగుతాయి; దానికి పార్టీల పట్టింపులు తోడైతే ఇక చెప్పనక్కరలేదు.

అయితే ఒక రోజంతా ఆగకుండా సాగే నామభజనను మనం ఏకాహం అంటాము, దానినే ఒడియావారు అష్టప్రహరి అంటారు. ఎనిమిది జాములంటే ఒక పగలూ ఒక రాత్రీ. పేరు ఏదైనా నియమం ఒక్కటే: అఖండ దీపం కొండెక్కకూడదు, నామం తెగకూడదు. ఇరవై నాలుగు గంటలు ఒక గొంతు వల్ల కాదు కనుక వంతులు వేసుకుంటారు. వంతు మారేటప్పుడు పాత గోష్ఠి ఆపాక కొత్త గోష్ఠి మొదలుపెట్టడానికి వీల్లేదు. పాడుతున్నవారి శ్రుతిలో, వారి నడకలో ముందు కలిసి, కాసేపు వారితో పాడి, ఆ తరువాతే వారిని లేవనివ్వాలి. అంటే ఎదుటివారిని శ్రద్ధగా వినకుండా వారి చేతి నుంచి తాళాలు అందుకోవడం కుదరదు. నా దృష్టిలో మీ ప్రశ్నకు అసలైన జవాబు ఈ నియమంలోనే ఉంది.

ఒక కార్తీకంలో జరిగినది చెబుతాను. ఆ ఏడాది ఎన్నికల్లో మన వీధి బట్టల కొట్టాయన ఒక పార్టీకి, ఒక ఒడియా మాస్టారు మరొక పార్టీకి తిరిగారు. పోలింగు రోజున మాటా మాటా పెరిగి, అప్పటి నుంచి ఇద్దరికీ పలకరింపులు లేవు. రాత్రి రెండు నుంచి నాలుగు వరకు కొట్టాయన వంతు. వాన పట్టుకోవడంతో ఆయన గోష్ఠిలో ముగ్గురమే మిగిలాము. నాలుగు గంటల వంతుకు ముందుగానే వచ్చిన మాస్టారు దుప్పటి కప్పుకుని గోడకు ఆనుకుని కూర్చున్నారు. మూడు దాటాక కొట్టాయన గొంతు బొంగురుపోయి, నామం సగంలో ఉండగా దగ్గు ముంచుకొచ్చింది. మాస్టారు కూర్చున్నచోటు నుంచి కదలకుండానే మిగిలిన సగం అందుకున్నారు. కొట్టాయనది హెచ్చు శ్రుతి, మాస్టారిది మంద్ర స్వరం. అయినా శ్రుతి దించకుండా మెడనరాలు ఉబ్బేటట్టు ఆ ఎత్తులోనే పాడారు. కొంతసేపటికి కొట్టాయన తన తాళాలను, చెమటకు తడిసిన ఎర్రతాడుతో సహా, నేలమీద మెల్లగా ఆయన వైపు జరిపారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. తరువాతి ఎన్నికల్లో కూడా వారి ఇళ్లమీద వేర్వేరు జెండాలే ఎగిరాయి, కాని పలకరింపులు మాత్రం మళ్లీ ఆగలేదు.

ఇందులో మహిమకన్నా శరీరం పని ఎక్కువ. కలిసి పాడేవారు ఒకేచోట ఊపిరి తీయాలి, ఒకేచోట వదలాలి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో బృందగాయకులను పరీక్షించి, ఊపిరి కలిసినప్పుడు వారి గుండె వేగం కూడా కలిసి హెచ్చుతూ తగ్గుతూ ఉంటుందని చూపారు. తాళంలోనూ ఇలాంటి పొందికే ఉంది: ఒడిస్సీ సంగీతంలోని ఏకతాళికి ఒక చుట్టుకు నాలుగు మాత్రలు, అంటే నాలుగు లెక్కలు, మన ఆదితాళానికి ఎనిమిది, కాబట్టి వారిది రెండు చుట్లు తిరిగేసరికి మనది ఒకటి పూర్తయి ఇద్దరమూ ఒకేచోట కలుస్తాము. జయదేవుని గీతగోవిందంలోని అష్టపదులను వారూ తమవంటారు, మనమూ మనవంటాము. పూరీ ఆలయంలో గీతగోవిందమే పాడాలని ప్రతాపరుద్ర గజపతి 1499లో శాసనం వేయించాడు, మన భజన సంప్రదాయమూ అష్టపదులు లేకుండా సాగదు.

అలాగని పాట అన్నిటినీ చక్కబెడుతుందని మీకు చెప్పలేను. జమైకాలో రెండు పార్టీల అనుచరులు వీధుల్లో కాల్చుకుంటున్న రోజుల్లో, 1978 ఏప్రిల్ 22న కింగ్‌స్టన్‌లో గాయకుడు బాబ్ మార్లే ప్రధానమంత్రి మైఖేల్ మాన్లీని, ప్రతిపక్ష నాయకుడు ఎడ్వర్డ్ సియాగాను వేదికమీదకు పిలిచి, ఇద్దరి చేతులూ కలిపి పైకెత్తి పట్టుకున్నాడు. అయినా 1980 ఎన్నికల ఏడాదిలో అక్కడ వందలమంది ప్రాణాలు పోయాయి. ఒక్క సాయంత్రం చేతులు కలపడం వేరు, ఏటా ఒకరి వంతును ఒకరు అందుకోవడం వేరు. పైగా పాటతోనే రెచ్చగొట్టేవారూ ఉన్నారు. ఊరేగింపులో పెద్ద పెద్ద సౌండు బాక్సులు పెట్టి అవతలి వీధిని వెక్కిరించే పాటలు మీరూ విన్నారు. అక్కడ వినవలసిన అవసరం ఎవరికీ ఉండదు.

ఈ కార్తీకం ఏకాహానికి వంతుల పట్టిక మందిరం గోడకు అంటించారు. రెండు నుంచి నాలుగు వరకు ఖాళీగా ఉంటే నా పేరు రాయించాను. ఇప్పుడు నా గొంతు రెండు గంటలు నిలవదు కనుక మీలో ఒకరు నా పక్కన కూర్చోవాలి. ఎదురింటి ఒడియా పిల్లవాడిని కూడా వెంటబెట్టుకుని రండి. ఆ వేళకు చలి ఉంటుంది, దుప్పట్లు మరిచిపోకండి.

మీ తాతయ్య