గోడ ప్రతిధ్వని వచ్చేలోపు

సముద్ర పరిశోధన అనగానే ఓడలు, అలలు గుర్తొస్తాయి. కానీ చెన్నై పళ్లికరణైలో ఉన్న జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) నీటి శబ్దాల పరికరాలను ముందుగా పరీక్షించేది నాలుగు గోడల మధ్య. 16 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, 7 మీటర్ల లోతున్న నీళ్ల ట్యాంకు అది.

నీటి అడుగున మనకు శబ్దం తప్ప వేరే గతి లేదు. సూర్యకాంతి 200 మీటర్ల లోతుకే దాదాపు అయిపోతుంది. రేడియో తరంగాలు ఉప్పునీటిలో అంతకు చాలా ముందే చచ్చిపోతాయి. శబ్దం మాత్రం సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో దూసుకుపోతుంది. 1960లో ఆస్ట్రేలియాలోని పెర్త్ దగ్గర సముద్రంలో పేల్చిన పేలుడు పదార్థాల చప్పుడు, దాదాపు 20,000 కిలోమీటర్ల అవతల బెర్ముడా దగ్గర మూడు గంటల నలభై నిమిషాలకు వినపడింది.

ఆ చప్పుడు వినే చెవి హైడ్రోఫోన్. అందులో ఉండే పీజో సిరామిక్ ముక్క మీద ఒత్తిడి పడితే కరెంటు సిగ్నల్ పుడుతుంది. ఎంత ఒత్తిడికి ఎన్ని మైక్రోవోల్టులో ముందే కొలిచిపెట్టుకోకపోతే, తర్వాత సముద్రంలో ఎన్నేళ్లు రికార్డు చేసినా ఆ అంకెలకు విలువ లేదు. అందుకే ఈ ట్యాంకు.

ఇక్కడో చిక్కుంది. ట్యాంకులో ఏం మోగించినా గోడలు, అడుగు, నీటి పైతలం దాన్ని తిప్పికొడతాయి. శబ్దం పుట్టించే ప్రొజెక్టర్‌నీ హైడ్రోఫోన్‌నీ ఒక మీటరు ఎడంగా, సగం లోతులో వేలాడదీశారనుకుందాం. నేరుగా వచ్చే శబ్దం మిల్లీసెకనులోపే చేరుతుంది. పైతలానికి తగిలి వచ్చేది ఏడు మీటర్లు తిరగాలి కాబట్టి సుమారు నాలుగు మిల్లీసెకన్లు ఆలస్యం. కొలత మొత్తం ఆ సందులోనే అయిపోవాలి. 20 కిలోహెర్ట్జ్ (సెకనుకు 20 వేల కంపనాల) శబ్దమైతే ఆ కాస్త టైములో 80 కంపనాలు పడతాయి, హాయిగా కొలవొచ్చు. ఒక కిలోహెర్ట్జ్‌కి వచ్చేసరికి పట్టేవి నాలుగే. అంతకన్నా తగ్గితే ఈ ట్యాంకుతో పని జరగదు. తీరా చూస్తే, నీళ్లలో తక్కువగా క్షీణించి చాలా దూరం పోయేవి ఆ తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలే!

అంటే ఇంకా పెద్ద, లోతైన, నిశ్శబ్దమైన నీళ్లు కావాలి. నౌకాదళానికి సోనార్లు (శబ్దంతో నీటిలోని వస్తువులను పసిగట్టే పరికరాలు) రూపొందించే కొచ్చిలోని రక్షణ పరిశోధనశాల ఎన్‌పీఓఎల్, తీరంలోనే ఉండి కూడా, ఇందుకోసం కొండలెక్కింది. ఇడుక్కి జలాశయంలో కుళమావు దగ్గర దాని పరీక్షా కేంద్రం ఉంది. పరికరాలను నీటిలోకి దించి పరీక్షించడానికి 2024లో అక్కడ ‘స్పేస్’ అనే తేలే వేదిక కూడా మొదలైంది. సముద్రంలో వాడే సోనార్‌ని కొండల మధ్య మంచినీళ్లలో పరీక్షించడం వింతగానే ఉంటుంది గానీ, అక్కడ ఓడల రొద ఉండదు, ఆటుపోట్లు ఉండవు. వెచ్చని తీరాల్లో రాత్రింబవళ్లు చిటపటలాడే స్నాపింగ్ రొయ్యలూ ఉండవు. ఆ రొయ్య పట్టకారు లాంటి తన గోళ్లు మూసే వేగానికి నీటిలో బుడగ పుట్టి పేలుతుంది. మనకు వినపడే చిటపట ఆ బుడగదే.

అసలు పరీక్ష సముద్రంలోనే. నీటి వేడి, ఉప్పు, లోతు మారితే శబ్ద వేగం మారుతుంది. బంగాళాఖాతం పైనీటిలో అది సెకనుకు 1,540 మీటర్ల దాకా ఉంటే, కిలోమీటరుకు పైగా లోతులో 1,490 దగ్గరకు పడిపోతుంది. శబ్దం ఎప్పుడూ వేగం తక్కువున్న వైపే వంగుతుంది. ఎండకు పైపొర వేడెక్కిన మధ్యాహ్నం సోనార్ కిరణాలు కిందికి వంగిపోయి, పొద్దున కనపడిన లక్ష్యమే కనపడకుండా పోతుంది. పైగా గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి తెచ్చే మంచినీరు బంగాళాఖాతం లెక్కల్ని ఇంకా తికమక చేస్తుంది. అందుకే వేరే సముద్రం కోసం వేసిన శబ్ద వేగ పట్టికను ఇక్కడ కళ్లు మూసుకుని వాడలేం.

సునామీని కనిపెట్టడానికి సముద్రం మీద తేలేలా కట్టి ఉంచే పరికరాలు, అంటే సునామీ బోయలకు (buoy), ఈ తలనొప్పి కొంత తక్కువ. సముద్రం అడుగున ఉన్న ప్రెషర్ రికార్డర్ (నీటి ఒత్తిడిని కొలిచే పరికరం), మూడు కిలోమీటర్ల నీటి కింద నుంచి కూడా సెంటీమీటరంత మట్టం తేడాను పసిగట్టి, శబ్దంతో సమాచారం పంపే అకౌస్టిక్ మోడెమ్‌తో పైనున్న బోయకు చెబుతుంది. శబ్దం పొరలను నిట్టనిలువుగా దాటుతుంది కాబట్టి పెద్దగా వంగదు. రెండు సెకన్లలో పైకి చేరుతుంది. బోయ ఆ సమాచారాన్ని ఉపగ్రహానికి అందిస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి నడుస్తున్న సునామీ హెచ్చరిక కేంద్రం ఇలాంటి సమాచారం మీదే ఆధారపడుతుంది. ఇంత చేసీ బోయలను ఎక్కువగా ఇబ్బందిపెడుతున్నది చేపలు. తేలే వస్తువు నీడకు అవి చేరతాయి, వాటి వెంట పడవలు వస్తాయి, పడవను బోయకే కట్టేస్తారు. తీగలు తెగుతాయి, సెన్సర్లు ఊడిపోతాయి. దాంతో ఇంజనీర్లు మత్స్యకారుల ఊళ్లకు వెళ్లి, బోయ జోలికి రావద్దని నచ్చజెప్పాల్సి వస్తోంది.