యాక్సిడెంట్ కేసుకు లాయర్‌ను పెట్టుకునేటప్పుడు: అపోహలు – వాస్తవాలు

నల్లగొండ కోర్టులో మోటారు ప్రమాద పరిహారం కేసులు చూస్తుంటాను. వారానికి ఒకసారైనా ఈ మాట వింటాను: "సార్, ఆ లాయర్ మంచోడు. ఒక్క పైస అడగలేదు. గెలిచినంక సగం ఇస్తే చాలన్నడు." యాక్సిడెంట్ అయిన ఇంట్లో చేతిలో డబ్బు ఉండదు, దవాఖాన బిల్లు రోజురోజుకూ పెరుగుతుంటుంది. అప్పుడు ఆ మాట ఎవరికైనా ధైర్యమే ఇస్తుంది. నమ్మినవాళ్ల మీద నాకు కోపం లేదు, నమ్మించినవాళ్ల మీదే ఉంది.

అపోహ: "పర్సంటేజీకి చేసే లాయరే నయం. ఓడిపోతే మనకేం పోదు."

వాస్తవం: పరిహారంలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలకు విరుద్ధం. గెలుపును బట్టి ఫీజు పెట్టకూడదు, వచ్చిన సొమ్ము పంచుకోకూడదు. మనుషులను పెట్టి కేసులు తెప్పించుకోవడం కూడా కుదరదు. అంటే వార్డులోకి వచ్చి పరామర్శించి, వకాలత్ (కేసు నడిపే అధికారం లాయర్‌కు ఇచ్చే కాగితం) మీద సంతకం పెట్టించుకుపోయిన బ్రోకర్‌తోనే తప్పు మొదలైంది.

ఇక నష్టం ఎంతో చూడండి. 32 ఏళ్ల తాపీ మేస్త్రి, నెలకు 15,000 సంపాదన, కాలు విరిగి సరిగ్గా అతకలేదు అనుకుందాం. భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే నెలకు 21,000, ఏడాదికి 2,52,000. ఆ వయసుకు మల్టిప్లయర్, అంటే ఏడాది సంపాదనను గుణించే అంకె, 16. మొత్తం 40,32,000. ఇందులో సంపాదించే శక్తి ఎంత పోయిందని తేలితే అంత శాతం వస్తుంది. డాక్టర్‌ను కోర్టుకు పిలిపించి, ఈ కాలుతో పరంజా ఎక్కలేడని చెప్పించి 30 శాతం నిరూపిస్తే 12 లక్షల పైచిలుకు. ఆ శ్రమ పడకుండా 10 శాతానికి ఒప్పుకుంటే 4 లక్షలు. వీటికి తోడు వైద్య ఖర్చులు, ఇతర పద్దులు విడిగా ఉంటాయి. వాటా లాయర్‌కు కేసు తొందరగా తెగితే చాలు, ఆ 4 లక్షల్లోనే సగం పట్టుకుపోతాడు. దానికోసమే ముందుగా ఖాళీ చెక్కులు, విత్‌డ్రాయల్ ఫారాల మీద సంతకాలు తీసుకుంటారు. దయచేసి పెట్టకండి.

చిట్యాల దగ్గరి ఊరి నుంచి ఒకామె నా దగ్గరికి వచ్చింది. 65వ నంబర్ జాతీయ రహదారి మీద లారీ గుద్ది భర్త చనిపోయాడు. దవాఖానలోనే ఎవరో సంతకాలు తీసుకున్నారు. కేసు నంబర్ తెలియదు, లాయర్ పేరూ తెలియదు, ఉన్నదల్లా బ్రోకర్ ఫోన్ నంబరే. కోర్టు కేసుల వివరాలు చూపే ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆమె పేరుతో వెతికితే, ఎవరూ హాజరు కాక కేసు ఎనిమిది నెలల కిందే డిస్మిస్ అయింది. "నడుస్తుందనే చెప్పిండు గద సార్" అని ఆ ఫోన్ వైపే చూస్తూ కూర్చుంది. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేసి కేసును మళ్లీ తెరిపించాం. పాత లాయర్ ఫీజు ఇస్తేనే ఫైలు ఇస్తానన్నాడు. ఫీజు బాకీ ఉన్నా క్లయింట్ కాగితాలు ఆపుకునే హక్కు వకీలుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. ఆ సంగతి గుర్తు చేశాకే ఇచ్చాడు.

అందుకే సంతకానికి ముందు లాయర్‌నే నేరుగా కలవండి. బార్ కౌన్సిల్ ఇచ్చిన ఎన్‌రోల్‌మెంట్ నంబర్ అడగండి. ఫీజు ఎంతో కాగితం మీద రాయించుకోండి. కేసు వేశాక సీఎన్ఆర్ నంబర్ (ప్రతి కేసుకూ విడిగా ఉండే గుర్తింపు నంబర్) తీసుకుంటే వాయిదాలు మీ ఫోన్‌లోనే చూసుకోవచ్చు. నంబర్ ఇవ్వడానికి నీళ్లు నమిలే లాయర్ దగ్గర ఉండకండి.

అపోహ: "గుద్దిన బండి దొరకకపోతే లాయర్ వేరే బండి పెడతాడు."

వాస్తవం: అది నేరం. దొరికితే మీరే ముద్దాయి అవుతారు. బండి ఆనవాలు దొరకని కేసుల్లో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ఇచ్చే ప్రభుత్వ పథకం వేరే ఉంది.

"హైదరాబాద్ లాయర్ అయితేనే ఎక్కువ వస్తుంది" అంటారు. లెక్క కట్టే పద్ధతి ఎక్కడైనా ఒక్కటే. జడ్చర్ల దగ్గర యాక్సిడెంట్ అయినా, మీరు ఉండేది నల్లగొండలో అయితే ఇక్కడే కేసు వేసుకోవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ తప్పేమీ కాదు, కానీ దాని మీద అప్పీలు ఉండదు. మొత్తం ఎంతో విని, అర్థమయ్యాకే సంతకం పెట్టండి.

"ఎప్పుడైనా వేసుకోవచ్చు" అనుకుని కూడా ఆగకండి. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు కేసు వేయాలన్న గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలో ఉంది. దాని మీద సుప్రీంకోర్టులో సవాలు ఉందని ఎవరో చెప్తే ఆ ధీమాతో కూర్చోవద్దు.

ఫీజుకు పైసలు లేవన్న భయమే అందరినీ బ్రోకర్ చేతిలో పెడుతోంది. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. పోయేటప్పుడు ఎఫ్ఐఆర్ కాపీ, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్ పట్టుకుపోండి. మందుల బిల్లులు చిన్నవైనా సరే ఒక్కటి కూడా పారేయకుండా ఒక కవర్‌లో పెట్టండి.