‘పొదేమొస్’లో ఒకారం ఎందుకు విరగలేదు?

డాలస్‌లో స్కూల్లో స్పానిష్ నేర్చుకుంటున్న మా అక్క కూతురు పోయిన వారం ఫోన్ చేసింది. “మామయ్యా, ‘నేను చెయ్యగలను’ అంటే ప్వేదొ, నువ్వైతే ప్వేదెస్, వాళ్ళైతే ప్వేదెన్. మరి ‘మేము’ దగ్గరికొచ్చేసరికి పొదేమొస్ అంటారేంటి, ప్వేదేమొస్ అవ్వాలి కదా?” అంది. టీచరు ఆరు రూపాలూ రెండు వరుసల్లో రాసి, మారేవాటి చుట్టూ గీత గీసి, బూటు ఆకారం వచ్చింది చూడండి, బూటు లోపలివే మారతాయి అన్నారట. గుర్తుపెట్టుకోడానికి బావుంటుంది. కానీ పిల్ల అడిగింది కారణం, బూటు కారణం కాదు.

క్రియ చివర ప్రత్యయాల జోలికి నేను పోను. వచ్చాను, వచ్చావు, వచ్చాం అని రోజంతా మాట్లాడేవాళ్ళకి, నేను నువ్వు అని పైకి అనకుండా క్రియతోనే మనిషిని చెప్పడం కొత్తేం కాదు. అసలు మజా అంతా ధాతువు మధ్యలో మారే అచ్చులో ఉంది.

ఊనిక పడిన చోట, అంటే మాటలో గట్టిగా నొక్కి పలికే చోట, చప్పట్లు కొడుతూ ఆ ఆరూ చెప్పమన్నాను. ప్వేదొ, ప్వేదెస్, ప్వేదె, ప్వేదెన్ అన్నప్పుడు చప్పట ‘ప్వే’ మీద పడింది. పొదేమొస్, పొదేయిస్ అన్నప్పుడు ‘దే’ మీదికి జరిగింది. అంతే! ఊనిక ధాతువు మీదుంటే ఒకారం బరువుకి విరిగి ‘వే’ అవుతుంది, ఊనిక ప్రత్యయం మీదికి పోతే ఒకారం చెక్కుచెదరదు.

అలాగైతే ప్రతి ఒకారమూ విరగాలి కదా? విరగదు. ఎగరడం బొలార్, నేను ఎగురుతాను అంటే బ్వేలొ. ఏడవడం యొరార్, నేను ఏడుస్తాను అంటే యోరొ, య్వేరొ కాదు. చెవికి రెండూ ఒకే ఒకారం, మరి తేడా ఎక్కడ? ఇక్కడ తెలుగువాళ్ళకి ఒక వరం ఉంది. మనకి కొన వేరు, కోన వేరు. నెల వేరు, నేల వేరు. స్పానిష్‌కి తల్లి అయిన లాటిన్‌లోనూ సరిగ్గా ఈ హ్రస్వ దీర్ఘాలుండేవి: ఎగరడం వొలారె, హ్రస్వం. ఏడవడం ప్లోరారె, దీర్ఘం. రోమన్ల కాలంలోనే జనం నోట ఈ నిడివి తేడా చెరిగిపోయి, నోరు తెరిచే తేడాగా మిగిలింది, అంటే హ్రస్వ ఒ కాస్త తెరిచిన నోటితో, దీర్ఘ ఓ కాస్త ముడిచిన పెదాలతో. స్పెయిన్‌లో కాస్టీల్ ప్రాంతం వాళ్ళ మాటలో ఆ తెరిచిన ఒ, ఊనిక కింద ‘వే’గా చీలింది. తెరిచిన ఎ అలాగే ‘యె’గా చీలింది. ముడిచినవి చీలలేదు. ఇప్పటి స్పానిష్‌లో అచ్చులు ఐదే, నిడివితో అర్థం మారదు, కానీ రెండు వేల ఏళ్ళ కిందటి హ్రస్వం గుర్తు మాత్రం బ్వేలొలో ఇంకా కనిపిస్తోంది!

ఇది క్రియలకే పరిమితం కాదు. తలుపు ప్వేర్త, తలుపు దగ్గర కాపలా ఉండేవాడు పొర్తేరొ. నిప్పు ఫ్వేగొ, చలిమంట ఫొగాత. ఏడు స్యేతె, డెబ్భై సెతేంత. ప్రతిచోటా చప్పట కొట్టి చూడండి, ఊనిక జరగ్గానే అచ్చు మళ్ళీ మామూలైపోతుంది. కొన్ని క్రియలు పక్కవాటిని చూసి దారి మార్చుకున్నాయి, విత్తడం అనే సెంబ్రార్‌కి లాటిన్‌లో దీర్ఘమే ఉన్నా ‘స్యేంబ్రొ’ అంటారు. అలాంటివి విడిగా నేర్చుకోవాల్సిందే.

ఇదంతా కష్టం అనుకునేవాళ్ళు తమ నోటినే ఓసారి గమనించాలి. అడుగుతాను, అడిగాను, అడగను. మధ్య అచ్చు మూడు రకాలుగా ఉంది! మనకి దాన్ని మార్చేది వెనకొచ్చే ప్రత్యయం, వాళ్ళకి ఊనిక. మూడేళ్ళ పిల్ల ‘అడుగాను’ అనదు, ఎవరూ పట్టిక వేసి నేర్పలేదు. తెలుగు బళ్ళో కూడా ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఎంత బావుండు!

మా పిల్ల అక్కడితో ఆగలేదు. “మరి ఆడడం హుగార్ కదా, నేను ఆడతాను అంటే హ్వేగొ. అందులో ఒకారమే లేదు, ఉకారం కదా ఉంది?” అంది. మంచి చోట పట్టుకుంది. స్పానిష్‌లో ఉకారం అలా ‘వే’ అయ్యే క్రియ అదొక్కటే. పాత స్పానిష్‌లో దాన్ని ఒకారంతోనే రాసేవారు. లాటిన్‌లో అది యొకారి. హ్రస్వమే.