రెండు సీసాల టీకా: స్క్వాలీన్ గొడవలో అసలు మలుపు ఎక్కడ?

బర్డ్ ఫ్లూ టీకా మాట వచ్చిందంటే చాలు, దాని వెనకే, టీకా పనితనం పెంచడానికి కలిపే స్క్వాలీన్ అనే నూనె పేరూ, అది హానికరమన్న ప్రచారమూ వస్తున్నాయి. 2024లో ఫిన్లాండ్ బొచ్చు జంతువుల ఫారాల్లో, పక్షుల మధ్య పనిచేసేవాళ్లకు ఈ టీకా వేయడం మొదలుపెట్టింది. అందులోనూ స్క్వాలీన్ ఉంది. ఇదే నూనె ఉన్న 2009 నాటి స్వైన్ ఫ్లూ టీకా పిల్లలకు చేసిన హానిని మొదట గుర్తించిన దేశాల్లో ఫిన్లాండ్ కూడా ఒకటి. పాత భయం మళ్లీ తలెత్తిందంటే అందుకే.

స్వైన్ ఫ్లూ రోజులు అందరికీ గుర్తే కాబట్టి నేరుగా సీసా దగ్గరికే వెళదాం. యూరప్‌లో ఎక్కువగా వాడిన పాండెమ్రిక్స్ అనే స్వైన్ ఫ్లూ టీకా రెండు సీసాల్లో వచ్చేది. ఒకదాంట్లో వైరస్ భాగం, రెండోదాంట్లో పాలలాంటి తెల్లటి ద్రవం. రెండూ కలిపాకే 10 డోసులు. ఆ తెల్లటిదే ఏఎస్03 అనే అడ్జువెంట్: స్క్వాలీన్ నూనె, విటమిన్-ఇ, పాలీసోర్బేట్ 80. శరీరం టీకాకు మరింత గట్టిగా స్పందించేలా చేయడం దాని పని. దాని పుణ్యమా అని ఒక్కో డోసుకు 15 మైక్రోగ్రాముల యాంటిజెన్‌కు, అంటే ఆ వైరస్ భాగానికి, బదులు 3.75 సరిపోయింది. కొరత రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

అయినా అమెరికా అడ్జువెంట్ లేని టీకాలే వాడింది. జర్మనీలో సైనికులకు, ప్రభుత్వ సిబ్బందికి ఆ ద్రవం లేని మరో టీకా కొన్నారని 2009 అక్టోబరులో బయటపడింది. జనం అనుమానపడ్డారంటే తప్పు వాళ్లది కాదు. స్క్వాలీన్ మన కాలేయంలోనే తయారవుతుందని, వృద్ధులకిచ్చే ఒక ఫ్లూ టీకాలో 1997 నుంచీ ఉందని నిపుణులు చెప్పిందీ నిజమే. కానీ ఆ జవాబు జనానికి చేరలేదు.

నా దృష్టిలో కథ తిరిగింది 2010 ఆగస్టులో. టీకా వేయించుకున్న పిల్లల్లో నార్కోలెప్సీ అనే నిద్ర జబ్బు కనిపిస్తోందని స్వీడన్, ఫిన్లాండ్ ప్రకటించాయి. తరగతిలో కూర్చున్నచోటే నిద్ర ముంచుకొస్తుంది. స్నేహితుడి మాటకు పకపకా నవ్వితే మోకాళ్లు వదిలేసి కూలబడిపోతారు. ఎదిగే వయసు పిల్లల్లో ఇదంతా బద్ధకంగా కొట్టిపారేయడం తేలిక. 4 నుంచి 19 ఏళ్లవాళ్లలో, టీకా వేయించుకోనివారితో పోలిస్తే ముప్పు 12.7 రెట్లు ఉందని ఫిన్లాండ్ అధ్యయనం తేల్చింది. 2011 జులైలో యూరప్ ఔషధ సంస్థ 20 ఏళ్లలోపువారికి ఈ టీకా వాడకాన్ని కట్టడి చేసింది. హానిని పట్టుకున్నది వైద్యులు, ప్రభుత్వ ఆరోగ్య సంస్థలే. స్క్వాలీన్ మీద ప్రచారం చేసినవాళ్లు కాదు.

మరి దోషం స్క్వాలీన్‌దేనా? ఎంఎఫ్59 అనే మరో స్క్వాలీన్ అడ్జువెంట్ ఉన్న టీకాతో అలాంటి పెరుగుదల కనబడలేదు. ఫిన్లాండ్ ఇప్పుడు వాడుతున్నదాంట్లో ఉన్నది ఎంఎఫ్59. కెనడా వాడిన టీకాలో ఉన్నది అచ్చంగా ఏఎస్03, అక్కడ కనిపించిన ముప్పు చాలా స్వల్పం. బీజింగ్‌లో చూస్తే టీకాతో సంబంధం లేకుండానే, 2009 ఫ్లూ తర్వాత నార్కోలెప్సీ కేసులు పెరిగాయి. జబ్బు పడ్డ పిల్లల్లో దాదాపు అందరికీ ఒకే రకం జన్యువు ఉంది. వైరస్ ప్రోటీన్, ఆ జన్యువు, అడ్జువెంట్ ఇచ్చే ఊపు కలిసి పనిచేసి ఉండొచ్చన్నది ఒక ఊహ. ఒక్క స్క్వాలీన్‌ను నిలబెట్టి దోషి అనడానికి ఆధారం లేదు.

అలాగని బాధిత కుటుంబాల వాదనను పక్కన పెట్టలేం. బ్రిటన్‌లో 7 ఏళ్ల వయసులో పాండెమ్రిక్స్ వేయించుకున్న ఒక బాలుడికి నార్కోలెప్సీ వచ్చింది. ఒంటరిగా బస్సెక్కలేడు, తోడు లేకుండా స్నానం చేయలేడు. వైకల్యం తీవ్రతను కొలిచేటప్పుడు అతని భవిష్యత్తును లెక్కలోకి తీసుకోకూడదని ప్రభుత్వం వాదించింది. 1,20,000 పౌండ్ల పరిహారం కోసం కుటుంబం అప్పీలు కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2017లో గెలిచింది. టీకా వేసింది 2009 డిసెంబరులో.