వాన పడితే బొమ్మ ఎందుకు ఆగిపోతోంది?

నవంబరు వానలంటే తిరుపతిలో ఇంటి మీద డిష్ ఉన్నవాళ్లకు ఒక టెన్షన్. కొండ మీద మబ్బు కమ్ముకుని వాన దంచి కొట్టగానే బొమ్మ గడులు గడులుగా విడిపోతుంది, మాట తెగిపోతుంది, కాసేపటికి సిగ్నల్ లేదని తెర మీద అక్షరాలు పడతాయి. 2021 నవంబరులో ఊళ్లోకి వరద వచ్చినప్పుడు ఏ వీధిలో నీళ్లున్నాయో తెలుసుకుందామని టీవీ పెడితే మా ఇంట్లోనూ ఇదే జరిగింది. వార్తలు అవసరమైన పూటే తెర నల్లబడింది.

పాత టీవీ ఇలా ఉండేది కాదు. మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైంది. తర్వాతి రోజుల్లో నగరి, సత్యవేడు వైపు మిద్దెల మీద పొడుగాటి పైపులకు యాంటెన్నాలు కట్టి, బూస్టర్ పెట్టి ఆ తమిళ కార్యక్రమాలే చూసేవాళ్లు. సిగ్నల్ తగ్గితే తెర నిండా చుక్కలు వచ్చేవి. అయినా మనిషి ఆకారం తెలిసేది, మాట వినపడేది. డిజిటల్‌లో ఆ మధ్య స్థితి దాదాపు లేదు. చిన్నాచితకా తప్పులను సెట్‌టాప్ బాక్సే సరిదిద్దుకుంటుంది కాబట్టి కొంతవరకు బొమ్మ అద్దంలా ఉంటుంది. ఆ హద్దు దాటితే మొత్తం పోతుంది.

మరి ఈ పద్ధతికి ఎందుకు మారారు? కారణం చోటు. మామూలు టీవీ బొమ్మను ఉన్నదున్నట్టు అంకెలుగా మారిస్తే సెకనుకు 216 మెగాబిట్లు అవుతుంది. గాలిలో గానీ ఉపగ్రహంలో గానీ ఒక్కో చానల్‌కు అంత జాగా ఇవ్వడం కుదరదు. దాన్ని కుదించే దారి చూపినవాళ్లలో మన పొరుగువాడు ఒకరున్నారు. బెంగళూరులో పుట్టి అమెరికాలో ప్రొఫెసరైన నాసిర్ అహ్మద్ 1972లో ఈ ఆలోచన చెప్పి పరిశోధనకు నిధులడిగితే అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇవ్వలేదు. ఆయన వదిలిపెట్టలేదు. టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావులతో కలిసి 1974 జనవరిలో ఆ పత్రం ప్రచురించారు. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే ఆ లెక్క మీదే డిజిటల్ టీవీ నిలబడింది. ఆ ముగ్గురి పేర్లు మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రతి పిల్లవాడికీ తెలియాలని నా కోరిక.

ఈ పద్ధతిలో బొమ్మను ఎనిమిది చుక్కల (పిక్సెళ్ల) పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు ఉన్న గళ్లుగా కోస్తారు. కంటికి పెద్దగా ఆనని వివరాలను ప్రతి గడిలోనూ తగ్గించేస్తారు. వానలో మనకు కనపడే గడుల పుట్టుక అక్కడే. దీనికి ఇంకో ఉపాయం తోడైంది. కల్యాణోత్సవం ప్రత్యక్ష ప్రసారం చూడండి. వెనక తెర కదలదు, మంటపం కదలదు. కదిలేది అర్చకుల చేతులు, దీపం మంట. మారని భాగాన్ని మళ్లీ మళ్లీ పంపకుండా, మారినదాన్నే పంపుతారు. ఈ రెండూ కలిసి ఎంపెగ్-2 అనే వీడియో కుదింపు ప్రమాణం అయ్యాయి. 216 మెగాబిట్ల పని నాలుగైదు మెగాబిట్లతో జరిగిపోయింది.

జపాన్ అంతకుముందే నాణ్యమైన పెద్ద తెర టీవీ చేసింది గానీ దాని ప్రసారం అనలాగ్. 1990లో అమెరికాలో జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ అనే కంపెనీ పూర్తి డిజిటల్ పద్ధతి చూపించాక దారి మళ్లింది. 1993లో యూరప్‌లో డిజిటల్ ప్రసార ప్రమాణాలు తయారుచేసే డీవీబీ అనే కూటమి ఏర్పడింది, 1996లో అమెరికా తన ప్రమాణాన్ని ఆమోదించింది.

మన దగ్గరికి డిజిటల్ ఆకాశం నుంచి దిగింది. 2003లో డిష్ టీవీ, 2004 డిసెంబరులో దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ (ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటి డిష్‌కు వచ్చే ప్రసారం) వచ్చాయి. అనలాగ్ రోజుల్లో ఉపగ్రహంలోని ఒక ట్రాన్స్‌పాండర్ (సిగ్నల్ అందుకుని తిరిగి నేలకు పంపే పరికరం) మీద సాధారణంగా ఒక్క చానల్ పోయేది. ఇప్పుడు అదే జాగాలో పదికి పైగా పడతాయి. 2008లో తిరుమల తిరుపతి దేవస్థానం సొంత భక్తి చానల్ పెట్టగలిగిందంటే, తర్వాత తమిళం, కన్నడం, హిందీల్లోకీ పోగలిగిందంటే, చానల్ నడపడం ఇలా చవకవడం కూడా ఒక కారణమని నేననుకుంటాను. కేబుల్‌ను కూడా దశలవారీగా డిజిటల్ చేయడానికి 2011లో చట్టం మార్చారు. మూడో దశ గడువు 2015 డిసెంబరు 31. తిరుపతి, చిత్తూరు లాంటి పట్టణాలు అందులోకే వచ్చాయి.

వాన సంగతి ఇక్కడుంది. కేబుల్ వాళ్ల పెద్ద గొడుగుల్లాంటి డిష్‌లు ఎక్కువగా పట్టేది సీ బ్యాండ్ అనే పొడవాటి తరంగాల ప్రసారం, దానికి వానతో పెద్ద ఇబ్బంది లేదు. ఇంటి మీది చిన్న డిష్ పట్టేది కేయూ బ్యాండ్ అనే పొట్టి తరంగాల ప్రసారం. దాని తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లు. అంత చిన్న తరంగాన్ని జోరువాన చినుకులు పీల్చేస్తాయి.

వానకు లొంగని డిజిటల్ కూడా ఉంది. నేల మీది టవర్ నుంచి మామూలు యాంటెన్నాకు వచ్చే డీవీబీ-టీ2 అనే ప్రసారం అది. 2016లో దూరదర్శన్ దాన్ని 16 నగరాల్లో మొదలుపెట్టింది. మనకు ఇటున్న చెన్నై, అటున్న బెంగళూరు ఆ జాబితాలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్క ఊరూ లేదు. 2022 మార్చి నాటికి దేశమంతా పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దాదాపుగా మూసేశారు, వ్యూహాత్మక ప్రాంతాల్లో ఓ యాభై మాత్రం మిగిల్చారు. పాతది తీసేసే ముందు, ఏటా తుపాను వానలు మీద పడే ఈ జిల్లాలకు కొత్త టవర్ ఒకటి ఇచ్చి ఉండాల్సింది. ఇప్పటికైనా ఇవ్వాలి.