ఐదు మెట్లకు ముప్పై అడుగుల ర్యాంపు

పర్లాకిమిడిలో పాత కట్టడాలు చాలావరకు ఎత్తరుగుల మీద లేచినవే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమయ్యేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అప్పట్లో పునాది ఎత్తుగా లేపి ముందు మెట్లు కట్టేస్తే పనయిపోయినట్టే. నేను కొన్నాళ్లు పనిచేసిన ఆఫీసు కూడా అలాంటిదే. ఐదు మెట్లు. పట్టుకోడానికి పక్కన కమ్మీ లేదు.

మా సెక్షన్లో ఒక అన్నగారు ఉండేవారు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలికి కాలిపర్, అంటే కాలికి ఆసరాగా కట్టే పట్టీ, వేసుకునేవారు. పొద్దున్నే మూడు చక్రాల బండి మెట్ల దగ్గర ఆపి, చెయ్యందించేవాళ్లు ఎవరొస్తారా అని గేటు వైపు చూస్తూ కూర్చునేవారు. మధ్యాహ్నం దాకా మంచినీళ్లు ముట్టేవారు కాదు. బాత్రూము పెరట్లో ఉంది, అక్కడికి మళ్లీ మూడు మెట్లు దిగాలి. ఆ సంగతి నాకు తెలియడానికి ఏడాది పట్టింది. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

ఆయనకు ఉద్యోగం వికలాంగుల కోటాలో వచ్చింది. కేంద్ర కొలువుల్లో గ్రూప్ సి, డి పోస్టులకు 3 శాతం కేటాయింపు 1977లోనే మొదలైంది. పోస్టు ఇవ్వడం దాకానే ఆ ఆలోచన సాగింది. మనిషి తన కుర్చీ దాకా ఎలా చేరతాడన్నది ఎవరికీ తట్టలేదు.

ర్యాంపుల మాట, వీల్‌చెయిర్ పట్టే బాత్రూముల మాట చట్టంలోకి వచ్చింది 1995లో, వికలాంగుల చట్టంతో. 1996 ఫిబ్రవరి 7 నుంచి అది అమలైంది. కానీ ఆ సెక్షన్లకు ముందే ఒక షరతు తగిలించారు: ఆర్థిక స్తోమత, అభివృద్ధి ఎంతవరకు అనుమతిస్తే అంతవరకు. నా మట్టుకు నాకు, ఇరవై ఏళ్లు వృథా కావడానికి పెద్ద కారణం ఆ ఒక్క షరతే. నిధుల్లేవని ఆఫీసువాళ్లు చెబితే, ఆ పైన అడగడానికి దారుండేది కాదు. అదే చట్టంలో 47వ సెక్షన్ మాత్రం గట్టిగా నిలబడింది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతం మీద వేరే పోస్టులోకి మార్చాలి.

వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశం 2007లో ఆమోదించింది. దాని వెంట వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. కోటా 4 శాతమైంది, వైకల్యాల జాబితా 7 నుంచి 21కి పెరిగింది. అయితే అన్నగారి లాంటివారికి అసలైన మార్పు ‘సముచిత సర్దుబాటు’ అన్న మాట. సీటు కింది అంతస్తుకి మార్చడం, బల్ల ఎత్తు సరిచేయడం, బాత్రూము తలుపు వెడల్పు చేయడం, ఇవన్నీ దాని కిందకే వస్తాయి. మోయలేని భారమైతే తప్ప కాదనకూడదు, కాదంటే అది వివక్షే. 20 మంది, అంతకు మించి ఉద్యోగులుంటే ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించి, ఈ వ్యవహారాలు చూసే లైజన్ ఆఫీసరును పెట్టాలి.

మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రాలోని పాతపట్నం. ఇల్లు ఆంధ్రాలో, పని ఒడిశాలో ఉన్నవాళ్లు మా దగ్గర మామూలే. వైకల్య సర్టిఫికెట్ దేశమంతటా చెల్లుతుందని కూడా ఈ చట్టమే రాసిపెట్టింది. అక్కడి కాగితం ఇక్కడ చెల్లదని ఎవరైనా అంటే 58వ సెక్షన్ చూపించండి.

పాత ప్రభుత్వ భవనాలను సరిచేయడానికి ఇచ్చిన ఐదేళ్ల గడువు 2022 జూన్‌లో తీరిపోయింది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఈ చట్టం కింద చేసిన 15వ నియమం చెల్లదంది. తప్పనిసరి కావలసిన కొలతలను ఆ నియమం సిఫారసుల స్థాయిలో వదిలేసిందని తప్పుపట్టి, తప్పించుకోడానికి వీల్లేని ప్రమాణాలను మూడు నెలల్లో తయారుచేయమని కేంద్రాన్ని ఆదేశించింది.

కొలతల పట్టింపు ఎందుకో మా ఆఫీసే చెబుతుంది. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల వాలు ఉండాలి. ఆరంగుళాల మెట్లు ఐదంటే రెండున్నర అడుగుల ఎత్తు, అంటే ముప్పై అడుగుల ర్యాంపు. మావాళ్లు చివరికి కట్టింది ఎనిమిది అడుగులు. దాని మీద వీల్‌చెయిర్ ఎక్కించాలంటే వెనక ఇద్దరు తొయ్యాలి. దిగేటప్పుడు ఒకరు ఎదురుగా కాచుకోవాలి. సైకిల్ స్టాండు జరిపి గోడ వెంట ఒక మలుపు తిప్పితే ముప్పై అడుగులూ పట్టేవి.

అదైనా కట్టేనాటికి అన్నగారు రిటైరై రెండేళ్లయింది.