మేక్ ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టేశాం, ఇక లైబ్రరీ రెడీ అనుకునేవాళ్ల కోసం

పోయిన వారం రాత్రి పదకొండింటికి మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, లైబ్రరీ లేదంటోంది. ఫైల్ చూస్తే నా కళ్ల ముందే ఉంది. నాలుగుసార్లు మళ్లీ బిల్డ్ చేశాను." మర్నాడు పొద్దున్నే డెమో, గొంతులో ఏడుపు తెలుస్తోంది. నేను అడిగింది ఒక్కటే. "ఎల్‌డీకాన్ఫిగ్ కమాండ్ కొట్టావా?" కొట్టలేదట. కొట్టింది, ప్రోగ్రాం లేచింది. నాలుగు గంటల టెన్షన్ అర నిమిషంలో పోయింది.

లైనక్స్ మీద సీ, సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలు, అంటే వేరే ప్రోగ్రాంలు వాడుకునే కోడ్, కట్టి వేరే టీములకు ఇవ్వడం నా పని. ఇలాంటి ఫోన్ నెలకొకటైనా వస్తుంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పరు. అందుకే ఈ మొదటి అపోహ దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను.

అపోహ: ఫైల్ డిస్క్ మీద ఉంటే ప్రోగ్రాంకు దొరికినట్టే. దొరకలేదంటే బిల్డ్ పాడైనట్టే.

వాస్తవం: మీ లైబ్రరీ కోసం వెతికేవాళ్లు ముగ్గురు. కంపైలర్ హెడర్ ఫైళ్లు, అంటే లైబ్రరీలో ఏ ఫంక్షన్లున్నాయో చెప్పేవి, వెతుకుతుంది. ప్రోగ్రాంను లైబ్రరీతో ముడిపెట్టే లింకర్, పేరు చివర డాట్ ఎస్‌ఓ అని ఉండే ఫైల్ వెతుకుతుంది, వెర్షన్ నంబర్ దానికి అక్కర్లేదు. ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు లోడర్ వచ్చి డాట్ ఎస్‌ఓ డాట్ 1 అంటూ నంబర్‌తో ఉన్న పేరు అడుగుతుంది. అదే ఎస్‌ఓనేమ్. ముగ్గురూ వెతికే చోట్లు వేరు, ఒకరికి దొరికింది ఇంకొకరికి చెప్పరు. లింక్ చేసేటప్పుడు మీరు మైనస్ క్యాపిటల్ ఎల్ పెట్టి చూపించిన దారి లింకర్ వరకే. లోడర్‌కు అది తెలియదు.

కట్టిన ఫైళ్లను సిస్టమ్‌లో సర్దే మేక్ ఇన్‌స్టాల్ మామూలుగా వాటిని యూఎస్ఆర్ లోకల్ ఫోల్డర్ కింద పెడుతుంది. లోడర్ మాత్రం ప్రతిసారీ ఫోల్డర్లన్నీ గాలించదు. ముందే తయారు చేసి పెట్టుకున్న ఒక జాబితా, అంటే కాష్, చూసుకుంటుంది. ఆ జాబితాను కొత్తగా రాసేదే ఎల్‌డీకాన్ఫిగ్. ఉబుంటులో యూఎస్ఆర్ లోకల్ లిబ్ ఆ కమాండ్ చూసే దారుల్లో ముందే ఉంటుంది కాబట్టి ఒక్కసారి కొడితే చాలు. రెడ్ హ్యాట్ కుటుంబంలో అలా ఉండదు, ఈటీసీ కింద ఎల్‌డీ డాట్ ఎస్‌ఓ డాట్ కాన్ఫ్ డాట్ డీ ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైల్ పెట్టి ఆ దారి మీరే రాయాలి. అంతకంటే చిరాకైన సంగతి ఇంకోటుంది. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3ను 64 బిట్ మెషీన్ మీద సోర్స్ నుంచి కడితే అది లిబ్‌లోకి కాకుండా లిబ్64లోకి వెళ్తుంది. ఉబుంటులో ఆ దారి జాబితాలో ఉండదు. ఎల్‌డీకాన్ఫిగ్ వందసార్లు కొట్టినా లాభం లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఉంటుంది మన పరిస్థితి.

"అలాంటి ఫైల్ లేదు" అని వచ్చే ఎర్రర్‌ను "నేను చూసిన చోట్ల లేదు" అని చదువుకోండి. ప్రోగ్రాం అడిగే లైబ్రరీలు ఎక్కడ దొరికాయో చూపే ఎల్‌డీడీ కమాండ్ కొట్టి ఏది 'నాట్ ఫౌండ్' అంటోందో చూడండి. మళ్లీ బిల్డ్ చేయడం ఆ తర్వాతి మాట.

ఇక్కడే చాలామంది లోడర్‌కు అదనపు దారులు చెప్పే ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే వేరియబుల్‌ను, టెర్మినల్ తెరిచినప్పుడు చదివే బాష్ఆర్‌సీ ఫైల్‌లో రాసేసి చేతులు దులుపుకుంటారు. నేనూ ఉద్యోగంలో మొదటి ఏడాది అదే చేశాను. టెర్మినల్‌లో సర్వీస్ హాయిగా నడిచింది, సీనియర్ భుజం కూడా తట్టాడు. మూడు వారాల తర్వాత ఓ ఆదివారం సర్వర్ రీస్టార్ట్ అయింది. సర్వీస్ లేవలేదు. సర్వీసులను లేపే సిస్టమ్‌డీ మన బాష్ఆర్‌సీ చదవదు కదా! పెళ్లి భోజనాల పంక్తిలోంచి లేచి, ఎంగిలి చెయ్యి కడుక్కుని, మండపం బయట మెట్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాను. ఏమైందో అర్థమయ్యేసరికి పంక్తి లేచిపోయింది. గుత్తి వంకాయ దక్కలేదు. ఆ వేరియబుల్ మీ చేతి కింద ఐదు నిమిషాలు పరీక్షించుకోడానికి పనికొస్తుంది, అంతే. నిలకడగా కావాలంటే ఎల్‌డీకాన్ఫిగ్ ఉంది. లేదంటే లింక్ చేసేటప్పుడే ఆర్‌పాత్ ఇచ్చి దారిని బైనరీలోనే, అంటే కట్టిన ప్రోగ్రాం ఫైల్‌లోనే, రాయించండి. అప్లికేషన్, లైబ్రరీ కలిసి ఒకే ఫోల్డర్‌లో తిరిగేవైతే ఆర్‌పాత్‌లో డాలర్ ఆరిజిన్ (ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్ అని అర్థం) పెట్టండి, ఫోల్డర్ ఎక్కడికి మోసుకెళ్లినా దారి తప్పదు.

అపోహ: పాత వెర్షన్ అడుగుతోంది, కొత్తది ఉంది. పాత పేరుతో సిమ్‌లింక్ (కొత్త ఫైల్‌కు దారి చూపే మారుపేరు) పెట్టేస్తే సరి.

వాస్తవం: ఈ సలహా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఉబుంటు 22.04 వచ్చాక ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పాత ఫైల్ లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 దొరక్క ఎంతమంది 3కి ఆ పేరు తగిలించారో! ఎస్‌ఓనేమ్‌లో నంబర్ మారిందంటే, పాత ప్రోగ్రాంలు దీంతో నడవవు అని కట్టినవాళ్లే చెబుతున్నట్టు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సింబల్స్‌కు, అంటే ఫంక్షన్ల పేర్లకు, వెర్షన్ ఉంటుంది కాబట్టి లోడర్ అక్కడే ఆపేస్తుంది, అది మీ అదృష్టం. ఆ కాపలా లేని లైబ్రరీ అయితే నోరెత్తకుండా లోడ్ అయిపోయి, ఎప్పుడో అర్ధరాత్రి సంబంధం లేని చోట క్రాష్ అవుతుంది. అలాంటి ఒక క్రాష్ వెనక నేను రెండు రోజులు తిరిగాను. చివరికి దొరికింది ఎవరో పెట్టి మర్చిపోయిన సిమ్‌లింక్.

లైబ్రరీ కట్టేవాళ్లకూ ఇందులో ఒక వాటా ఉంది. స్ట్రక్ట్ (కొన్ని డేటా ఫీల్డ్‌ల కట్ట) మధ్యలో ఒక ఫీల్డ్ కలిపి, "ఫంక్షన్ పేర్లేవీ మార్చలేదు" అంటే కుదరదు. సోర్స్ మళ్లీ కంపైల్ చేసుకున్నవాళ్లు బాగుంటారు. పాత హెడర్‌తో కట్టిన బైనరీ మాత్రం పాత కొలతలతోనే మెమరీ చదువుతుంది. అలాంటి మార్పు చేస్తే ఎస్‌ఓనేమ్ నంబర్ పెంచండి.

అపోహ: స్టాటిక్‌గా లింక్ చేస్తే, అంటే లైబ్రరీని బైనరీలోనే కలిపేస్తే, ఏ గొడవా ఉండదు.

కొన్ని పోతాయి, కొత్తవి వస్తాయి. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు షేర్డ్ లైబ్రరీ వాడినవాళ్లు ప్యాకేజీ అప్‌డేట్ చేసి సర్వీసులు రీస్టార్ట్ చేసుకున్నారు. స్టాటిక్‌గా కలిపేసుకున్నవాళ్లు ఏ బైనరీలో ఏముందో వెతుక్కుని ఒక్కోటీ మళ్లీ కట్టాల్సి వచ్చింది.

అపోహ: ఇన్‌స్టాల్ చేయాలంటే సుడో (అడ్మిన్ హక్కు) తప్పనిసరి.

కాదు. ప్రిఫిక్స్‌ను, అంటే ఫైళ్లు వెళ్లే చోటును, మీ హోమ్ ఫోల్డర్ కింద పెట్టుకోండి. హెడర్లు, లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే టూల్ పీకేజీ కాన్ఫిగ్, దాని పాత్ వేరియబుల్‌లో ఆ దారి చేర్చండి. సిస్టమ్ ప్యాకేజీల మీద మీ ఫైళ్లు కుమ్మరించే ప్రమాదం కూడా ఉండదు.

అపోహ: నా మెషీన్‌లో టెస్టులు పాసయ్యాయి, వేరేవాళ్లకూ నడుస్తుంది.

సీమేక్ అనే బిల్డ్ టూల్ వాడేవాళ్లు ఇది వినండి. బిల్డ్ ఫోల్డర్‌లో కట్టిన ప్రోగ్రాంలకు సీమేక్ తనంతట తానే ఆర్‌పాత్ పెడుతుంది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మళ్లీ తీసేస్తుంది. అందుకే అక్కడ నడిచింది ఇక్కడ నడవదు. హెడర్లదీ అదే కథ. ఇన్‌స్టాల్ జాబితాలో ఒక హెడర్ మర్చిపోతే మీకు తెలియదు, సోర్స్ ఫోల్డర్ పక్కనే ఉంది కాబట్టి మీ కంపైలర్‌కు అది దొరుకుతూనే ఉంటుంది.

నా దగ్గర లైబ్రరీ బయటికి వెళ్లే ముందు ఖాళీ కంటైనర్‌లో (విడిగా ఉండే కొత్త సిస్టమ్ లాంటిది) ఇన్‌స్టాల్ చేసి, సోర్స్, బిల్డ్ ఫోల్డర్లు రెండూ చెరిపేస్తాం. వేరే ఫోల్డర్‌లో పది లైన్ల ప్రోగ్రాం రాసి, పీకేజీ కాన్ఫిగ్ ఇచ్చిన దారులతో మాత్రమే కట్టి నడుపుతాం. రాత్రి ఫోన్ చేసిన అమ్మాయే ఇప్పుడు ఆ పని చూస్తోంది. నిన్న నా లైబ్రరీనే వెనక్కి కొట్టింది, రెండు హెడర్లు తక్కువట.